ఓటీ సీసాతో ఒడిశాలో అయిదు రోజులు

మొదటి రోజు: ఆమదాలవలస నుంచి బరంపురం

రిటైరైన వాడి సంచిలో బీపీ మాత్రలు, తువ్వాలు, కళ్ళజోడు డబ్బా ఉంటాయి. నా సంచిలో వాటితో పాటు క్లోరోస్కోప్ డబ్బా కూడా ఉంటుంది, అంటే నీళ్ళలో క్లోరిన్ మిగిలిందో లేదో చూసే డబ్బా. ముప్పై ఏళ్ళు గ్రామీణ నీటి సరఫరాలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశాను. ఎక్కడ కుళాయి కనిపించినా గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, నాలుగు ఓటీ (ఆర్థోటోలిడిన్ మందు) చుక్కలు వేసి, పసుపు రంగు తిరుగుతుందో లేదో చూడనిదే ఉండలేను. పెళ్ళిళ్ళలో కూడా చేస్తానని మా ఆవిడ ఫిర్యాదు. నిజమే, రెండుసార్లు చేశాను.

రాయగడలో మా చిన్నాన్నకి కంటి ఆపరేషన్ అయింది, చూసి రావాలి. బరంపురంలో మేనల్లుడు ఎప్పటినుంచో రమ్మంటున్నాడు. రెండూ కలిపి ఒక చుట్టు వేద్దామని బయల్దేరాను.

పలాస దాటాక కిటికీ బయట జీడితోటలు, ఆ తర్వాత కొబ్బరి. ఉద్దానం. ఇంత పచ్చటి నేల మీద ఇంతమంది కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఎందరో వచ్చి చూశారు, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు గొట్టాల్లో వస్తున్నాయి. కంచిలిలో ఎక్కినాయన ఒకాయన పక్కన కూర్చుని, వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కి పోతానని, సినిమాకి పోతానన్నంత మామూలుగా చెప్పాడు. ఆయన తాగే నీళ్ళ గురించి నేను అడిగితే, "మీరూ నీళ్ళోళ్ళేనా? అందరూ నీళ్ళే అడుగుతారు" అని నవ్వాడు. ఆ తర్వాత ఇచ్ఛాపురం వరకూ నేను నోరెత్తలేదు.

బరంపురంలో దిగేసరికి సాయంత్రం. స్టేషన్ బయట ఆటోవాడు ఒడియాలో మొదలెట్టి, నా ముఖం చూసి తెలుగులో ముగించాడు. ఈ ఊళ్ళో అంతే, ఒక వాక్యంలోనే రెండు భాషలు. రాత్రి అన్నంలోకి బరంపురం అప్పడాలు. బీపీ సంగతి తర్వాత.

రెండో రోజు: మోహుదా, దాని చుట్టుపక్కల

పొద్దున్నే మేనల్లుడి బండి మీద మోహుదా. బరంపురానికి దగ్గర్లోనే ఉంటుంది. గ్రామ్ వికాస్ అనే సంస్థకి అది కేంద్రం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల సహాయానికీ, ఆ వెంటనే ఒడిశా తుపాను బాధితుల కోసమూ మద్రాసు నుంచి వచ్చిన కుర్రాళ్ళలో కొందరు వెనక్కి పోకుండా ఇక్కడే ఉండిపోయారు. కేరళకు చెందిన జో మడియత్ వాళ్ళలో ఒకాయన. 1979లో సంస్థగా నమోదు చేశారు. మొదట్లో పల్లెపల్లెకీ గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టించారు, యాభై వేలు దాటాయట. మా డిపార్టుమెంటులో వీళ్ళ పేరు విన్నది మాత్రం నీళ్ళ వల్ల, దొడ్ల వల్ల. (మరుగుదొడ్డి అని కాగితం మీద రాస్తాం గానీ మా వైపు నోట వచ్చేది దొడ్డే.)

వాళ్ళ లెక్క ఇలా మొదలైంది. ఊళ్ళలో జనం దేనికి మంచాన పడుతున్నారో చూస్తే, చాలామటుకు జబ్బులు పాడు నీళ్ళ దగ్గరికే పోయి తేలాయి. 1992లో అయిదు ఊళ్ళు, 337 కుటుంబాలతో పని మొదలెట్టారు. షరతు ఒక్కటే, కానీ గట్టిది. ఊళ్ళో ప్రతి ఇల్లూ ఒప్పుకోవాలి. ప్రతి ఇంటికీ దొడ్డి, స్నానాల గది కట్టాలి. ఒక్క ఇల్లు మిగిలినా ట్యాంకు నుంచి ఒక్క చుక్క వదలరు. అన్ని ఇళ్ళూ పూర్తయ్యాకే వాల్వు తిప్పుతారు.

సర్వీసులో ఉండగా ఈ షరతు విని నవ్వుకున్న వాడిని. ఊళ్ళో అందరూ ఒకదానికి ఒప్పుకోవడం నేను గ్రామదేవత పండగ విషయంలో కూడా చూడలేదు. పైగా ఒకే ట్యాంకు నీళ్ళు అన్ని కులాల వీధులకీ పోవాలంటే పెద్ద వీధి వాళ్ళు ఊరుకుంటారా? ఊరుకోలేదు. కొన్ని ఊళ్ళలో ఆ ఒప్పందానికే ఏళ్ళు పట్టిందంటారు. వీళ్ళు మాత్రం షరతు సడలించలేదు. ఇందులో ధర్మం కంటే లెక్క ఎక్కువని ఇప్పుడనిపిస్తోంది. తొంభై ఇళ్ళవాళ్ళు దొడ్డికి వెళ్ళి పది ఇళ్ళవాళ్ళు చెరువుగట్టుకి పోతే, ఈగకి ఆ పది ఇళ్ళూ చాలు.

డబ్బు సంగతి కూడా ముందే. ఇంటికి సగటున వెయ్యి రూపాయలు వేసుకుని ఊరి పేరున బ్యాంకులో దాచాలి. ఉన్నవాడు ఎక్కువ, లేనివాడు తక్కువ. అసలు ముట్టుకోకూడదు. వడ్డీ మాత్రం తర్వాత ఊళ్ళో కొత్తగా వేరుపడే కాపురాలకి దొడ్డి కట్టించడానికి. కొడుక్కి పెళ్ళయి వేరు కుండ పెట్టుకుంటాడు, వాడి పెళ్ళాం చెరువుగట్టుకి పోకూడదు కదా. మా స్కీముల్లో ఎక్కడా ఈ వేరు కుండ సంగతి ఆలోచించినట్టు నాకు గుర్తు లేదు. సర్వే చేసిన రోజున ఎన్ని ఇళ్ళుంటే అన్నే, ఫైలు మూసేస్తాం.

అక్కడి నుంచి వాళ్ళు పని చేసిన ఒక ఊరికి వెళ్ళాం. పేరు రాయను, ఎందుకో కింద తెలుస్తుంది. వరి కోతలైపోయి కళ్ళాల్లో గడ్డివాములు. ఊరి మొగలోనే ట్యాంకు. ఇళ్ళ వెనక వరసగా జంట గదులు, రెండు తలుపులు, ఒకటి దొడ్డి, ఒకటి స్నానానికి. ఇంటికి మూడు కుళాయిలు, దొడ్లో ఒకటి, స్నానాల గదిలో ఒకటి, వంటింటి దగ్గర ఒకటి.

ఒక ముసలమ్మ వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. సోంపేట నుంచి కోడలిగా వచ్చిన మనిషట. తెలుగు మాట వినగానే పీట వేసింది. ఆమె దొడ్డి చూస్తానంటే మేనల్లుడు సిగ్గుతో చచ్చిపోయాడు. "మావయ్యా, ఎవరింటికైనా వెళ్ళి దొడ్డి చూపించమంటారా?" అన్నాడు. ఆమెకి మాత్రం సిగ్గు లేదు, గర్వమే. తలుపు తీసి చూపించింది. పల్లెలకి వాడే నిటారు వాలు బేసిన్, రెండు లీటర్ల లోపు నీళ్ళతోనే శుభ్రమవుతుంది. బయట రెండు గుంతలు, మధ్యలో మళ్ళింపు. ఒకటి నిండితే రెండో దానికి తిప్పుతారు, మొదటిది ఏడాది పైన ఊరుకుంటే మట్టిలా పొడిపొడి అయిపోతుంది. ఆమె కొడుకు ఆ పొడిని అరటి మొక్కల కింద వేస్తాడట. అరటిగెల ఎంత ఉందో కూడా చూపించింది.

"నీలు మోయక్కర్లేదు బాబూ, అదే గొప్ప" అంది. "మా అత్త కాలంలో దొడ్డికి పోయినా నీలే, తానానికీ నీలే. అన్నీ ఆడదాని నడుం మీదే. దొడ్డి కట్టీసి నీలివ్వకపోతే ఆ దొడ్డికి కూడా మనమే మొయ్యాల. అప్పుడెవత్తి ఎల్తాది?"

ఈ మాట నన్ను గుచ్చుకుంది. మా సొంత ఊళ్ళో, మా ఇంటి వెనక, స్కీము కింద కట్టిన దొడ్డి ఒకటుంది. ఫొటో తీశారు, బిల్లు అయింది. కుళాయి లేదు. ఇప్పుడందులో కొబ్బరి డొక్కలు ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు ఇంట్లోనే ఇలాగుంటే ఇంక ఎవరిని అంటాం?

2014లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశోధన కూడా, ఉత్త దొడ్డి కడితే చాలదనే చెప్పింది. పూరీ జిల్లాలో వంద ఊళ్ళు తీసుకుని, సగం ఊళ్ళలో దొడ్లు కట్టించారు. దొడ్లున్న ఇళ్ళు నూటికి 9 నుంచి 63కి పెరిగాయి. పిల్లల విరేచనాలు మాత్రం తగ్గలేదు. దానికి ఎదురుగా, గ్రామ్ వికాస్ ఊళ్ళ మీద ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో బృందం 2015లో ప్రకటించిన పత్రంలో వైద్యానికి వచ్చిన విరేచనాల కేసులు 30 నుంచి 50 శాతం తగ్గాయని ఉంది. నీళ్ళూ దొడ్డీ ఒకేసారి, అన్ని ఇళ్ళకీ ఇచ్చిన చోట.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుండేది. కానీ తర్వాత గంజాం, గజపతి జిల్లాల్లోనే 90 ఊళ్ళలో మరో బృందం చూసింది. గ్రామ్ వికాస్ పని చేసిన ఊళ్ళలో దొడ్లు ఎన్నో రెట్లు ఎక్కువ, నూటికి 85 ఇళ్ళలో, వేరే ఊళ్ళలో 18. పెద్దవాళ్ళు నూటికి 74 మంది వాడుతున్నారు. పిల్లల ఎత్తు కొంచెం మెరుగైంది. విరేచనాల్లో మాత్రం తేడా కనిపించలేదు. చంటిపిల్లల మలాన్ని దొడ్లో పారబోసే ఇళ్ళు నూటికి 35 మాత్రమే. ఈ 35 దగ్గర నాకు నమ్మకం కుదిరింది, ఎందుకంటే ముసలమ్మ మనవరాలు నా కళ్ళెదుటే పాపని కాళ్ళ మీద కూర్చోబెట్టుకుని, అయ్యాక తాటాకుతో ఎత్తి గడ్డివాము వెనక్కి విసిరేసింది. కుళాయి అక్కడికి ఆరడుగులు. పసిపిల్లది కదా, అది మలం కిందికి రాదు. మా అమ్మా అంతే చేసేది.

ఓటీ చుక్కలు వేశాను. ఒక నిమిషం ఆగాం. రంగు తిరగలేదు. బ్లీచింగ్ అయిపోయి రెండు వారాలైందట, పంపు చూసే కుర్రాడు పెళ్ళికి వెళ్ళాడు. మోటారు కిందటేడు కాలితే చెరువులో చేపలు అమ్మిన డబ్బుతో చుట్టించారు, ఎవరి గుమ్మం ముందూ నిలబడలేదు. మోటారంత పెద్దది బాగుచేసుకున్న ఊళ్ళో గుప్పెడు బ్లీచింగ్ పొడి మర్చిపోయారు. ఊరి పేరు రాయకపోవడానికి కారణం అదే. లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ అయినా మిగలాలని ఆ కమిటీ వాళ్ళకి ఒక గంట పాఠం చెప్పాను. విన్నారు. మేనల్లుడు వినలేదు, బండి మీద కూర్చుని ఫోన్ చూసుకున్నాడు.

మూడో రోజు: పర్లాకిమిడి మీదుగా

నౌపడలో మళ్ళి గుణుపురం పోయే లైను మీద బండి. 1900లో పర్లాకిమిడి రాజావారు వేసిన చిన్న లైను ఇది, 1931లో గుణుపురం దాకా సాగింది. ఇప్పుడు బ్రాడ్ గేజి. పాతపట్నం ఆంధ్ర, పక్కనే పర్లాకిమిడి ఒడిశా. 1936లో గీత గీశారు గానీ చుట్టరికాలకి ఆ గీత తెలీదు.

పర్లాకిమిడిలో దిగి పాతపట్నం మిత్రుడొకరి జీపులో కొండల మీది ఒక సవర ఊరికి వెళ్ళాం. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ సవర నేర్చుకుని నిఘంటువు రాసింది ఈ జనం భాషకే. నాకు రెండు ముక్కలు కూడా రావు, మిత్రుడే దుబాసీ.

ఆ ఊరికి కరెంటు వచ్చీపోతూ ఉంటుంది. అయినా కుళాయిలో నీళ్ళు ఆగవు. పైన కొండ ఊట దగ్గర చిన్న గచ్చు తొట్టి కట్టి, వడపోత పెట్టి, అక్కడి నుంచి గొట్టం దించారు. మోటారు లేదు, డీజిలు లేదు, బిల్లు లేదు. ఊట కంటే ఊరు కిందుంది, అంతే. సర్వీసంతా మోటార్లతో చచ్చిన వాడిని, ఆ గొట్టం వెంట ఊట దాకా ఎక్కాను. మోకాళ్ళు ఇంకా నొప్పి. పైన తొట్టి మూత చుట్టూ ముళ్ళకంచె, పశువులు రాకుండా. ఊట పైన చెట్లు కొట్టకూడదని ఊరు తీర్మానం చేసుకుందట. పోడు కొట్టుకునే జనానికి ఇది చిన్న తీర్మానం కాదు.

దిగొచ్చాక ఒక ఇంట్లో తేనె కలిపిన నీళ్ళిచ్చారు. గోడ మీద సవర బొమ్మలు, వాటి పక్కన మేకుకి మడత పెట్టని దోమతెర. సగం చేపల వల వాసన. అడిగితే మిత్రుడు నవ్వాడు గానీ తర్జుమా చెయ్యలేదు.

రాత్రి గుణుపురం. కోమట్ల వీధిలో మెస్సు, గుమ్మడికాయ పులుసు. ఇంకేం చెప్పుకోదగ్గది లేదు.

నాలుగో రోజు: బిస్సంకటక్

బస్సు ఘాటులో ఊగుతూ మధ్యాహ్నానికి చేర్చింది. నియమగిరి కొండల అంచున చిన్న ఊరు. ఇక్కడ క్రిస్టియన్ హాస్పిటల్‌ని 1954లో ఎలిజబెత్ మాడ్సన్ అనే డేనిష్ డాక్టరమ్మ మొదలెట్టింది. ఆ రోజుల్లో ఈ కొండల్లోకి డాక్టరు రావడమంటే చంద్రుడి మీదికి పోవడమే. ఇప్పుడు పెద్ద ఆసుపత్రి, నర్సింగ్ స్కూలు, ఊళ్ళలో తిరిగే మిత్ర అనే విభాగం.

ఔట్ పేషెంట్ వరండాలో ఒక గంట ఊరికే కూర్చున్నాను. కువి (ఇక్కడి కొండజనం భాష), ఒడియా, తెలుగు కలగలిసిన గోల. పార్వతీపురం పిల్ల ఒకామె నర్సు. నా ముందు వరసలో డోంగ్రియా తెగకి చెందిన ఒక తల్లి, జడలో పిన్నులు, ఒళ్ళో నాలుగేళ్ళ పిల్లవాడు. వాడి కనురెప్ప లోపల చర్మం కాగితంలా తెల్లగా ఉంది. నర్సు వాడి పొట్ట మీద చెయ్యి పెట్టి, ఎడమ వైపు నొక్కి, నాకూ చూపించింది. ప్లీహం చేతికి రాయిలా తగులుతుంది. మళ్ళీ మళ్ళీ మలేరియా వచ్చిన పిల్లల లక్షణం అది. ఇక్కడ ఎక్కువ ఫాల్సిపారం అనే రకం మలేరియా, మెదడుకి ఎక్కేది.

ఒకప్పుడు రక్తం చుక్క గాజు పలక మీద తీసుకెళ్తే ఫలితం వచ్చేసరికి మనిషి బాగుపడడమో పోవడమో అయ్యేది. ఇప్పుడు ఆశా కార్యకర్త దగ్గర కిట్ ఉంటుంది, పావుగంటలో గీత కనిపిస్తుంది, మాత్రలు అక్కడే. ఒడిశా ప్రభుత్వం 2017లో దమన్ అనే కార్యక్రమం పెట్టింది. కొండ ఊళ్ళలో వానలకి ముందొకసారి, తర్వాతొకసారి, జ్వరం ఉన్నా లేకపోయినా ప్రతి మనిషికీ రక్తపరీక్ష. ఎందుకంటే ఈ కొండల్లో పెద్దవాళ్ళ ఒంట్లో పురుగు ఉంటుంది, జ్వరం ఉండదు. పొలం పనికి పోతూనే ఉంటారు. దోమ వాళ్ళని కుట్టి పిల్లవాడిని కుడుతుంది. మోహుదా లెక్కే ఇక్కడా. ఊళ్ళో ఒకడు మిగిలితే చాలు.

ఆ ఏడాది కోటికి పైగా దోమతెరలు పంచారు. రాష్ట్రంలో మలేరియా కేసులు 2017లో మూడున్నర లక్షలు, 2018లో 66 వేల చిల్లర. కానీ ఈ మధ్య మళ్ళీ తలెత్తింది.

ఇందులో ధర్మ సంస్థల పాలు ఎంత, ప్రభుత్వం పాలు ఎంత అని నర్సుని అడిగాను. పనిలో ఉంది, "మాకు తెలీదండి, ముందు వాడికి రక్తం ఎక్కించాలి" అంది. సరైన జవాబే. నా మటుకు నాకు తోచింది ఒకటుంది. తెరలు పంచడం సర్కారుకే సాధ్యం, కోటి తెరలు ఏ ఆసుపత్రి కొంటుంది? కానీ ఆ తెర కింద పడుకోమని కువి భాషలో చెప్పడానికి, పిల్లవాడు మూర్ఛపోతే నాటువైద్యుడిని దాటి ఇంత దూరం మోసుకురావడానికి, ఏళ్ళ తరబడి కదలకుండా ఒకే చోట కూర్చున్న మనిషి ఒకరుండాలి. బదిలీ అయ్యే ఉద్యోగంలో నేనది చెయ్యలేకపోయాను. ఎక్కడైనా మూడేళ్ళే.

సవర ఇంట్లో చేపల వాసన తెర సంగతి నర్సుకి చెప్పాను. "వాగులో చేపలకి బాగుంటాయండి అవి, కన్నాలు చిన్నవి" అంది, తల కూడా ఎత్తకుండా.

అయిదో రోజు: రాయగడ

రైల్లో రాయగడ. మజ్జిగౌరమ్మకి దణ్ణం పెట్టుకుని చిన్నాన్న ఇంటికి.

చిన్నాన్నకి రెండేళ్ళుగా శుక్లం. విశాఖ తీసుకెళ్తానని కొడుకు అంటూనే ఉన్నాడు, తీసుకెళ్ళలేదు. ఎల్వీ ప్రసాద్ వాళ్ళ కంటి ఆసుపత్రి రాయగడలోనే ఉందని ఎదురింటాయన చెబితే ఆటోలో వెళ్ళి చేయించుకొచ్చాడు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాదులో మొదలెట్టిన సంస్థ అది. కట్టగలిగిన వాళ్ళు కడతారు, సగం మందికి పైగా ఉచితం, కోసే చెయ్యి ఇద్దరికీ ఒకటే. చిన్నాన్న డబ్బు కట్టే చేయించుకున్నాడు. పక్క మంచం మీద పద్మపురం నుంచి వచ్చిన కూలిమనిషి ఊరికే చేయించుకున్నాడని ఆయనకి మొదట కొంచెం గుర్రు. "అదే డాక్టరు, అదే లెన్సు. మరి నా డబ్బెందుకో?" అన్నాడు.

"నీ డబ్బుతోనే వాడికి చేశారు" అన్నాను.

"అయితే వాడు నాకు బాకీ" అన్నాడు. అని, ఆ మనిషి ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సు చార్జీ కూడా తనే ఇచ్చానని పిన్నికి వినపడకుండా చెప్పాడు.

లెన్సు కథ ఆయనకి చెప్పాను. ఒకప్పుడు కంట్లో పెట్టే లెన్సు విదేశాల నుంచి వచ్చేది, దాదాపు వంద డాలర్లు. మదురైలో 11 పడకలతో 1976లో మొదలైన అరవింద్ ఆసుపత్రి వాళ్ళు 1992లో ఆరోల్యాబ్ అని సొంత ఫ్యాక్టరీ పెట్టి పది డాలర్లకి దించారు. అమ్ముతారు, లాభం తీస్తారు, ఆ లాభం మళ్ళీ కళ్ళకే. దానం అనాలో వ్యాపారం అనాలో నాకు తెలీదు. చిన్నాన్న నలభై ఏళ్ళు కిరాణా కొట్టు నడిపినవాడు, ఆయనకి వెంటనే అర్థమైంది. "అంటే సరుకు చవగ్గా కొని, ఉన్నోడికి రేటుకి, లేనోడికి అరువుకి. నేను చేసింది అదే కదేటి?" అన్నాడు. అరువు వసూలు చేసేవాడన్న సంగతి నేను గుర్తు చెయ్యలేదు.

సాయంత్రం కట్టు విప్పిన కంటితో ఇల్లంతా తిరుగుతున్నాడు. నేను వంటింటి కుళాయి దగ్గర ఓటీ చుక్కలు వేస్తున్నాను, లేత పసుపు తిరిగింది, బాగుంది. వెనక నుంచి ఆయన గొంతు.

"ఏమే, ఈ గోడ ఎప్పటినుంచి ఇంత మసిబారి ఉంది? రెండేళ్ళుగా ఎవరూ చెప్పలేదేటి?"

పిన్ని చేతిలోని గరిటె ఆపింది. "ఆ ఆసుపత్రోళ్ళని అడిగి రెండో కన్ను అలాగే ఉంచమనండి" అంది నాతో.